మూత విప్పితే కనిపించే చేతులు

గిటార్ ఆంప్లిఫయర్ ముందు పలక మీద, వరసగా ఉన్న నాబ్‌ల పక్కన, చిటికెన వేలు కూడా పట్టని గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే వైరు చివరి పిన్నును అందులో గుచ్చుతారు. దాని పేరు ఇన్‌పుట్ జాక్. కొలత పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఈ కొలత గిటార్ కోసం పుట్టింది కాదు. కరెంటు గిటార్ అన్నది లేని రోజుల్లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వరసలుగా కూర్చున్న ఆడవాళ్ళు రోజంతా ఇలాంటి పిన్నుల్ని ఇలాంటి రంధ్రాల్లో గుచ్చుతూ, తీస్తూ గడిపారు. సంగీతానికి ఈ జాక్ వాళ్ళ పనిబల్ల మీద నుంచే వచ్చింది.

స్త్రీల చరిత్ర కోసం మనం ఉత్తరాలు వెతికాం, ఆత్మకథలు వెతికాం, పాత పత్రికల దుమ్ము దులిపాం, పాటలు సేకరించాం, ముసలమ్మల పక్కన కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకున్నాం. యంత్రాల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. యంత్రం మగవాడిదని లోకం అనుకున్నట్టే మనమూ అనుకున్నామేమో. కానీ యంత్రం కూడా ఒక దస్తావేజే. దాని లోపల ఎవరి చేతులు పనిచేశాయో, ఆ పనికి ఏ పేరు పెట్టారో, ఎంత విలువ కట్టారో చదవాలంటే మూత విప్పాలి.

నాకు ఆ అవసరం పెద్దతిప్పసముద్రంలో వచ్చింది. మదనపల్లెకు పడమరగా, కర్ణాటక అంచున ఉన్న ఊరది. మా వైపు ఊరి పేరులో సముద్రం అంటే చెరువు. మా చెల్లెలు అక్కడ ఉంటుంది. దాని కూతురు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది, గిటార్ వాయిస్తుంది. ఆ పిల్లా, ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి క్రిస్మస్‌కూ, బడి వార్షికోత్సవాలకూ, ఎవరైనా పిలిస్తే పెళ్ళిళ్ళకూ పాడతారు. ముగ్గురూ డబ్బులు పోగుచేసి ఇరవై వాట్ల చిన్న ఆంప్లిఫయర్ ఒకటి పాతది కొన్నారు. ఒక కార్యక్రమంలో ఎవరో పిల్లవాడి కాలికి వైరు తగులుకుంది. అప్పటినుంచి పిన్ను కదిలిస్తే గరగర, వదిలేస్తే మౌనం.

బాగుచేయించడానికి తీసుకెళ్ళిన చోట షాపాయన మూత కూడా తీయలేదట. "బోర్డే పోయింది పాపా, దీనికి పెట్టే దుడ్డుకు కొత్తదొస్తాది. అయినా ఇంట్లో మగోళ్ళెవరూ లేరా, నువ్వెత్తుకొచ్చినావు?" అన్నాడట. ఆ పిల్ల నాతో, "బోర్డు పోయింటే పిన్ను కదిలించినప్పుడు మాత్రం ఎట్ల పలుకుతుంది పెద్దమ్మా? జాకే పోయింటుంది" అంది. నేను చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని. ఎలక్ట్రానిక్స్ నాకు రాదు. అయినా ఆ తర్కంలో లోపమేమీ కనిపించలేదు. "మరి నువ్వే విప్పరాదా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా, "మూడేళ్ళు చదివినా నా చేత్తో టంకం పెట్టింది లేదు పెద్దమ్మా. ల్యాబ్‌లో బ్యాచికి ఒక ఐరనే ఉంటుంది. మగపిల్లోళ్ళు ఐరన్ పట్టుకుంటారు, మేం రికార్డు రాస్తాం" అంది.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పని వాళ్ళది, రాత వీళ్ళది. ఆడపిల్లల చేతిరాత బాగుంటుంది కదా అని కాబోలు. చదువుకోనివ్వని కాలం నుంచి చదువు చెప్పే కాలానికి వచ్చాం. కానీ వేడి ఐరన్ దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్ల మళ్ళీ పక్కన కూర్చుని రాసుకోవాల్సిందే.

సరే, ఇద్దరం కలిసే విప్పాం. మొదట గోడకున్న ప్లగ్గు తీసేశాం. తీసిన వెంటనే చేయి పెట్టకూడదు. లోపలి కండెన్సర్లు కరెంటును కొంతసేపు దాచుకుంటాయి. పాతకాలపు వాల్వ్ ఆంప్లిఫయర్లలో అయితే మూడు నాలుగు వందల వోల్టులు నిలవ ఉండి, ప్లగ్గు తీశాక కూడా ప్రాణం మీదికి తేగలవు. మాది ట్రాన్సిస్టర్లది, అంత ప్రమాదం లేదు. అయినా ఆగి, మీటరు పెట్టి, వోల్టేజీ దిగిపోయిందని చూసుకున్నాకే చేయి పెట్టాం. ఆడవాళ్ళకు ఈ పనులు ప్రమాదమని ఎన్నోసార్లు విన్నాను. కరెంటుకు ఆడా మగా తేడా లేదు. తెలిసిన చేతిని, తెలియని చేతిని మాత్రమే అది వేరుగా చూస్తుంది. తెలియకుండా ఉంచి, తర్వాత ప్రమాదమని భయపెట్టడం మనకు కొత్తేమీ కాదు.

వెనక స్క్రూలు తీసి, ముందున్న నాబ్‌లు లాగి, జాక్ చుట్టూ ఉన్న నట్టు విప్పితే బోర్డు బయటికి వచ్చింది. జాక్ ప్లాస్టిక్‌ది. దాని కాళ్ళను నేరుగా బోర్డుకే టంకం వేశారు. తిరగేసి దీపం కింద పట్టుకుంటే ఒక కాలి చుట్టూ వెంట్రుకంత సన్నటి గుండ్రటి చీలిక కనిపించింది. జాక్ లోంచి బయటికి పొడుచుకొచ్చిన పిన్ను ఒక గునపం లాంటిది. బయట వైరుకు ఏది తగిలినా ఆ బరువంతా లోపల చింతగింజంత టంకం మీద పడుతుంది. అది పగులుతుంది. పోయింది బోర్డు కాదు, ఒక అతుకు.

జాక్‌లో నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి ఉంది. లోపల సన్నటి స్ప్రింగు రేకులు ఉంటాయి. పిన్ను లేనప్పుడు ఒక రేకు వెళ్ళి ఇంకో రేకును తాకి, లోపలికి వచ్చే దారిని నేరుగా గ్రౌండుకు కలిపేస్తుంది. అందుకే ఏమీ గుచ్చని ఆంప్లిఫయర్ వాల్యూమ్ ఎంత పెంచినా గోల చేయదు. పిన్ను గుచ్చితే రేకు పక్కకు జరుగుతుంది, అప్పుడు దారి తెరుచుకుంటుంది. అంటే ఆ నిశ్శబ్దం ఉత్తినే ఉన్నది కాదు, ఎవరో ఆలోచించి అమర్చింది. ఆడవాళ్ళు ఫలానా రంగంలో కనిపించరేమని ఎవరైనా అమాయకంగా అడిగినప్పుడు నాకు ఇప్పుడు ఈ రేకు గుర్తొస్తోంది.

జాక్ అన్న పేరు వెనక ఒక చాకు ఉంది. 1878 జనవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మొదలైంది. ఒకరి తీగను ఇంకొకరి తీగకు ఎప్పటికప్పుడు కలపడానికి ఒక సాధనం కావాల్సి వచ్చింది. షికాగోలో ఛార్లెస్ స్క్రిబ్నర్ అనే ఇంజనీరు తయారుచేసిన స్విచ్చి మడతచాకు పిడిలా ఉండేది. మడతచాకును వాళ్ళు జాక్‌నైఫ్ అంటారు. అలా దానికి జాక్‌నైఫ్ స్విచ్చి అన్న పేరు వచ్చి, అది అరిగి జాక్ అయింది. కనిపెట్టినవాడి పేరు పేటెంటు కాగితాల మీద ఉంది. వాడినవాళ్ళ సంగతి ఇంకొక కథ.

మొదట్లో స్విచ్‌బోర్డుల దగ్గర మగపిల్లల్ని పెట్టారు. తంతి ఆఫీసుల్లో పనిచేసే అలవాటున్న కుర్రాళ్ళు. వాళ్ళు ఫోను చేసినవాళ్ళతో తగాదాలు పడేవాళ్ళు, బూతులు తిట్టేవాళ్ళు, కావాలని ఒకరి తీగ ఇంకొకరికి కలిపి నవ్వుకునేవాళ్ళు. 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతి ఆపరేటరుగా చేరింది. అదే రోజు ఆమె సోదరి స్టెల్లా కూడా చేరింది. మృదువైన గొంతు, ఓపిక, తక్కువ జీతం: ఈ మూడూ ఒకేచోట దొరికేసరికి కంపెనీలు కొద్ది ఏళ్ళలోనే కుర్రాళ్ళను తీసేసి అమ్మాయిల్ని నింపాయి. ఆ అమ్మాయిలకు పెళ్ళి కాకూడదు. బోర్డు పై వరసదాకా చేతులు అందాలి. దశాబ్దాల పాటు నల్లజాతి స్త్రీలకు ఆ కుర్చీ ఇవ్వలేదు. గొంతు మాత్రమే వినిపించే ఉద్యోగంలో ఒంటి రంగు ఎందుకు అడ్డొచ్చిందన్న ప్రశ్నకు జవాబు కులం తెలిసిన మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మృదువైన గొంతులు ఎప్పుడూ మృదువుగానే ఉండలేదు. 1919 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ అంతటా సుమారు ఎనిమిది వేల మంది ఆపరేటర్లు జూలియా ఓకానర్ నాయకత్వంలో పిన్నులు వదిలేసి బయటికి వచ్చారు. ఆరు రోజుల్లో జీతాల పెంపు సాధించుకున్నారు. అంతకు ముందు సంవత్సరమే, మొదటి ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం 223 మంది స్త్రీ ఆపరేటర్లను ఫ్రాన్స్‌కు పంపి యుద్ధరంగం స్విచ్‌బోర్డుల దగ్గర కూర్చోబెట్టింది. యూనిఫారం వేయించింది, ప్రమాణం చేయించింది. తిరిగొచ్చాక మీరు సైనికులే కాదు పొమ్మంది. ఆ గుర్తింపు 1977 దాకా రాలేదు. అప్పటికి వాళ్ళలో చాలామంది బతికి లేరు.

మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. ఇక్కడ కూడా ఈ పనిలోకి ఆడవాళ్ళు వచ్చారు. ముఖ్యంగా ఆంగ్లో ఇండియన్ స్త్రీలకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ తరతరాల ఉద్యోగమైంది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు కాచుకున్న తరానికి "లైన్లో ఉండండి" అన్న ఆడగొంతు బాగా గుర్తుంటుంది. ఆ గొంతుకు ముఖం లేదు, పేరు లేదు. 1960లో కాన్పూర్, లక్నోల మధ్య ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా మాట్లాడుకునే ఎస్‌టీడీ వచ్చింది. తర్వాతి మూడు నాలుగు దశాబ్దాల్లో ఆ బోర్డులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బోర్డులు పోయాయి గానీ వాటి రంధ్రం పోలేదు. అది అప్పటికే గిటార్లలోకి, ఆంప్లిఫయర్లలోకి, రికార్డింగు స్టూడియోల్లోకి చేరుకుంది.

1919 అనగానే మదనపల్లె వాళ్ళకు గుర్తొచ్చేది వేరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశారు. మా చిన్నప్పటినుంచీ బడిలో ఇది చెబుతూనే ఉన్నారు. ఆ పాటకు అక్కడే పాశ్చాత్య స్వరలిపి రాసి పెట్టింది మార్గరెట్ కజిన్స్ అన్న సంగతి అంత గట్టిగా చెప్పలేదు. చెప్పినా, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య అని చెప్పారు. ఆమె ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఓటు హక్కు కోసం జైలుకు వెళ్ళిన మనిషి. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించిన వాళ్ళలో ఒకరు. 1927లో మొదలైన అఖిల భారత మహిళా సమావేశానికి మూలకర్తల్లో ఒకరు. గాలిలో కలిసిపోయే పాటను చేతిపనితో కాగితం మీద నిలబెట్టడం కూడా నేర్పే. ఊరి జ్ఞాపకంలో మాత్రం పాట మిగిలింది, కవి మిగిలాడు, ఆ చేయి మసకబారింది.

ఇలాంటి చేతులే ఆంప్లిఫయర్ చరిత్రలోనూ ఉన్నాయి. కరెంటు గిటార్ల ప్రపంచంలో ఫెండర్ అన్న పేరు తెలియని వాళ్ళుండరు. 1946లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తన పేరుతో కంపెనీ పెట్టాడు. పెట్టె ముందు మెరిసే పలక మీద ఆ ఇంటిపేరే ఉంటుంది. కానీ 1950ల నాటి ఆ ఆంప్లిఫయర్ల లోపలి రేకు డబ్బాను బయటికి లాగితే చాలావాటిలో చిన్న కాగితపు టేపు ముక్క అంటించి ఉంటుంది. దాని మీద చేతిరాతతో ఒక పేరు: లిలీ, లూపే. ఆ పెట్టెలో ప్రతి తీగనూ కత్తిరించి, వంచి, టంకం వేసిన స్త్రీ పేరది. ఆ ఫ్యాక్టరీలో తీగల పని చేసిన వాళ్ళలో చాలామంది మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్ళు. డెబ్బై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ పెట్టెలు లక్షల రూపాయల ధర పలుకుతున్నాయి. కొనేవాళ్ళు ఆ టేపు ముక్క చెక్కుచెదరకుండా ఉందా అని చూసి మరీ కొంటారు. పనిచేసిన రోజుల్లో తప్పు జరిగితే ఎవరిదో పట్టుకోవడానికి కూడా పనికొచ్చే గుర్తు, ఈనాడు సంతకంగా మారింది.

అదే ఫ్యాక్టరీలో 1956లో చేరిన అబిగైల్ ఇబారా గిటార్ తీగల కంపనాన్ని పట్టుకునే పికప్‌లకు సన్నటి రాగి తీగ చుట్టేది. ఒక్కో పికప్‌కు వేల చుట్లు. తీగ వెంట్రుక కన్నా సన్నన. బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే ధ్వని మారుతుంది. ఆమె 2013 దాకా ఆ పనిలో ఉంది. చివరి రోజుల్లో ఆమె చుట్టిన పికప్‌ల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ వాద్యకారులు వరస కట్టారు. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ ధ్వని అంతా కంపెనీ యజమాని ప్రతిభగానే చెలామణి అయింది. 1965లో ఆ కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మారు. ఆ ధర కట్టినప్పుడు ఈ వేళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లోపల టంకం పెట్టినవాళ్ళే కాదు, బయట వాయించినవాళ్ళూ అంతే. కరెంటు గిటార్ భుజాన వేసుకుని 1940ల్లోనే సభల్ని ఊపేసిన సిస్టర్ రోజెట్టా థార్ప్ నల్లజాతి స్త్రీ, చర్చి పాటల గాయని. తర్వాత రాక్ సంగీతంగా పేరు తెచ్చుకున్నదానికి దారి వేసినవాళ్ళలో ఆమెది ముందు వరస. 1973లో చనిపోయింది. 2009 దాకా ఆమె సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2018లో.

ఇక్కడ నేను అడగాలనుకున్న ప్రశ్న ఒకటుంది. టంకం ఒకటే, ఐరన్ ఒకటే, అతుకు ఒకటే. ఫ్యాక్టరీ వరసలో ఆడది వేల అతుకులు వేస్తే అది నైపుణ్యం లేని పని. వీధి చివర దుకాణంలో మగవాడు ఒక అతుకు వేస్తే అది మెకానిజం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ ముడినే విప్పింది. ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీలు ఆడవాళ్ళను తీసుకునేటప్పుడు వాళ్ళ వేళ్ళు సహజంగానే చురుకైనవని చెబుతాయి. సహజం అన్నాక శిక్షణ అక్కర్లేదు. శిక్షణ లేదన్నాక జీతం అక్కర్లేదు. నిజానికి ఆ వేళ్ళకు చిన్నప్పటినుంచీ ఇంట్లో తల్లి పక్కన కూర్చుని కుట్టడం, అల్లడం, ఏరడం నేర్పారు. ఇంట్లో జరిగిన శిక్షణ గనక దానికి సర్టిఫికెట్ లేదు, లెక్క లేదు.

దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ అమెరికా మూలవాసుల నేల మీదే ఉంది. ఫెయిర్‌చైల్డ్ అనే కంపెనీ 1965 నుంచి 1975 దాకా నవాహో జాతి ప్రాంతమైన షిప్‌రాక్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నడిపింది. పనివాళ్ళలో అత్యధికులు నవాహో స్త్రీలు. 1969లో కంపెనీ వేసిన ఒక పుస్తకంలో నవాహో రగ్గు మీది అల్లికనూ, చిప్ మీది గీతలనూ పక్కపక్కన చూపించారు. ఈ ఆడవాళ్ళకు ఇది రక్తంలోనే ఉందన్నట్టుగా. పొగడ్తలా కనిపించే ఈ మాట జీతాల పట్టిక దగ్గరికి వచ్చేసరికి అసలు రంగు చూపిస్తుంది.

ఈ సంగతులు చెబుతుంటే మా అమ్మ వింటూ కూర్చుంది. ఆమె పుట్టిల్లు మదనపల్లెను ఆనుకుని ఉన్న నీరుగట్టువారిపల్లె, పట్టునేత చోటు. పెళ్ళయ్యేదాకా రోజూ తెల్లవారుజామున లేచి కండెలు చుట్టింది. పట్టుపోగు తెగితే ముడి కనిపించకుండా అతికింది. ఆ పోగు తయారైతే తప్ప మగ్గం ఆడదు. "మరి నువ్వూ నేతపని చేసినదానివే కదమ్మా" అంటే, "నేనేడ నేసినా? నేసింది మా నాయన. నేను కండెలు చుట్టినా, అంతే" అంది. ఆ అంతే అన్న మాటలో రగ్గులూ చిప్పులూ పికప్‌లూ అన్నీ ఉన్నాయి. నేతగాడు అన్న మాటకు మన భాషలో ఆడ రూపం ఎంత అరుదో, కండెలు చుట్టేదానికి పేరే లేకపోవడం ఎంత మామూలో అప్పుడు తట్టింది.

మాకు నూటపాతిక కిలోమీటర్ల లోపే బెంగళూరు. అక్కడ 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. దేశమంతా వాడిన ఫోన్లు, స్విచ్చి పరికరాలు, రేడియో వాల్వులు అక్కడ తయారయ్యాయి. ఆ కూర్పు వరసల్లో దక్షిణాది ఆడపిల్లలు ఎందరో పనిచేశారు. ప్రభుత్వ రంగం గనక వాళ్ళకు యూనియన్ ఉంది, పెన్షను ఉంది, క్రెష్ ఉంది. చురుకైన వేళ్ళు తప్పనిసరిగా చవక వేళ్ళు కావాల్సిన పని లేదని ఆ అనుభవం చెబుతుంది. విలువ వేళ్ళలో నుంచి రాదు, బేరమాడే శక్తిలో నుంచి వస్తుంది.

మళ్ళీ మా బోర్డు దగ్గరికి వస్తాను. పగిలిన అతుకును ఊరికే మళ్ళీ కరిగించి వదిలేయవచ్చు. కానీ ప్లాస్టిక్ జాక్ మెడ కూడా వదులైంది. ఇంకోసారి వైరు తగిలితే మళ్ళీ అదే గతి. అందుకని బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి ఇనప రేకుల తెరిచి ఉండే జాక్ ఒకటి తెప్పించింది పిల్ల. పాత టంకాన్ని కరిగించి పంపుతో పీల్చేసి, విరిగిన జాక్ తీసేసింది. కొత్త జాక్‌ను బోర్డుకు కాకుండా ముందు పలకకే నట్టుతో బిగించి, దాని నుంచి బోర్డుకు మెత్తటి తీగలు వేసింది. కొనకు వచ్చే తీగ ఇన్‌పుట్‌కు, ఒంటికి తగిలే తీగ గ్రౌండుకు, మూడోది పిన్ను లేనప్పుడు నిశ్శబ్దాన్ని కాసే రేకుకు. ఇకమీద బయట ఎవరు తన్నినా బరువు పలక మీద పడుతుంది, అతుకు మీద పడదు. మొదటి టంకం ముద్దలా వచ్చింది. తీసేసి మళ్ళీ పెట్టింది. ముందు తీగనూ రేకునూ వేడిచేసి, ఆ వేడికి టంకం తనంతట తానే పారేలా పెట్టాలని నాలుగోసారికి చేతికి తెలిసింది. మీటరు పెట్టి దారులన్నీ చూసుకుని, మూత బిగించి, ప్లగ్గు పెట్టి, పిన్ను గుచ్చింది. గరగర లేదు. ఒక తీగ మీటితే ఇల్లంతా నిండింది.

అయిన ఖర్చు నలభై రూపాయల లోపు. దక్కింది ఆంప్లిఫయర్ ఒక్కటే కాదు. మా వైపు ధ్వని ఎప్పుడూ మగవాడి అధీనంలోనే ఉంది. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. నాటకంలో ద్రౌపది వేషం కూడా చాలాకాలం మగవాళ్ళే కట్టారు. మైకుల్లో ఊరూరా వినిపించిన ద్రౌపది ఆక్రోశం మగగొంతుదే. తర్వాత హరికథ వేదికల మీదికి ఆడవాళ్ళు వచ్చారు. మైకు వాళ్ళకు మేలు చేసింది. గొంతు చించుకోకుండానే వేలమందికి వినిపించే వీలు కలిగింది. కానీ వేదిక పక్కన ఆంప్లిఫయర్ ముందు కూర్చునేది మైకుసెట్టు మనిషి. కథ ఎంత పట్టుగా సాగుతున్నా, ఎవరో పెద్దమనిషి వచ్చాడని అనౌన్సుమెంటు కోసం ఆమె గొంతు తగ్గించే నాబ్ అతని వేళ్ళ కింద ఉంటుంది. గొంతెత్తడం గురించి మనం చాలా రాశాం. ఆ గొంతును పెంచే, తగ్గించే పెట్టె ఎవరి చేతుల్లో ఉందన్నది కూడా రాజకీయమే.

ఈ ప్రశ్న పాతకాలానిది కాదు. 2015లో, అప్పటి చిత్తూరు జిల్లాలోని సత్యవేడు దగ్గర శ్రీసిటీలో సెల్‌ఫోన్లు కూర్చే పెద్ద ఫ్యాక్టరీ మొదలైంది. పనివాళ్ళలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలు. ఊళ్ళ నుంచి బస్సుల్లో తీసుకెళ్ళి, తీసుకొచ్చారు. ఎమ్మా నట్ నాటి ఫోనుకూ ఈ ఫోనుకూ పోలికే లేదు. పెళ్ళి కాని పిల్ల, చురుకైన వేళ్ళు, ఓపిక అన్న లెక్క మాత్రం పెద్దగా మారలేదు. ఆ ఫోన్ల లోపల ఎవరి పేరూ రాసిన టేపు ముక్క ఉండదు. పైగా అవి విప్పడానికి వీల్లేకుండా జిగురుతో అతికించి వస్తున్నాయి. కూర్చిన పిల్లే తన ఫోను పాడైతే దాన్ని విప్పలేదు.

అందుకే మన ముందు రెండు పనులున్నాయనుకుంటాను. ఒకటి, వెంటనే చేయాల్సింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళ మాటల్ని వాళ్ళ నోటే చెప్పించి నమోదు చేసింది. అదే పద్ధతిలో మన ట్రంక్ ఆపరేటర్ల కథలు, ఫ్యాక్టరీ వరసల్లో రిటైరైన ఆడవాళ్ళ కథలు, కండెలు చుట్టినవాళ్ళ కథలు, శ్రీసిటీ బస్సులెక్కిన పిల్లల కథలు వాళ్ళుండగానే అడిగి రాసుకోవాలి. ఏం బాధలు పడ్డారని మాత్రమే కాదు, ఆ పని ఎలా చేసేవాళ్ళని అడగాలి. ఏ వేలితో, ఏ కోణంలో, తప్పు ఎలా పట్టుకునేవాళ్ళని అడగాలి. నేర్పు గురించి అడిగినప్పుడే, "అంతే" అనే మాట వెనకున్న మనిషి బయటికి వస్తుంది.

రెండోది కాలేజీల్లో పనిచేసే మన చేతుల్లోనే ఉంది. ల్యాబ్‌లో ఐరన్ ఎవరు పట్టుకుంటున్నారో, రికార్డు ఎవరు రాస్తున్నారో వెళ్ళి చూడాలి. అడిగితే ఆ పిల్లలే చెబుతారు. ఆ ఐరన్ వంతులవారీగా అందరి చేతికీ రావాలని పట్టుబట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. రాసిన రికార్డు మీద ఎలాగూ పిల్ల పేరుంటుంది. అతికిన బోర్డు మీద కూడా ఉండాలి.